ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే

మూసీ దక్షిణ గట్టున, మదీనా చౌరస్తా చాయ్ పొగలకు కూతవేటు దూరంలో, జైపూర్ శంకర్‌లాల్ నక్షా గీయగా, విన్సెంట్ ఎష్ నిలబెట్టగా, 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం తెరిచిన హైకోర్టు గుమ్మటాల నీడన కొలువుదీరి, మూతపడ్డ మిల్లులకు ముద్దుల పెంపుడు తండ్రియై, లక్క ముద్రలకు అధిదేవతయై, వాయిదాల వనమాలియై, అప్పులవాళ్లనూ కూలివాళ్లనూ ఒకే చూపుతో ఎదురుచూయించే సమవర్తియై విరాజిల్లు శ్రీ లిక్విడేషన్ వేలం వారి దివ్యసముఖానికి ఈ అల్పుడి నమస్కార సహస్రం.

తమరి గొప్పతనం తెలియాలంటే తమరు లేని కాలం ఎంత మోటుగా నడిచేదో తలచుకోవాలి. కంచెర్ల గోపన్న ఖజానాకు బాకీపడి గోల్కొండ చెరలో పన్నెండేళ్లు ఉన్నాడు. ఒక రాత్రి ఇద్దరు అన్నదమ్ములొచ్చి ఆరు లక్షల మొహరీలు కుమ్మరించారట, తానీషా లెక్క చూసుకుని అక్కడికక్కడే రసీదు రాసిచ్చాడట. ఏం తొందరపాటండీ! వచ్చినవాళ్ల గుర్తింపు కాగితాలు అడగలేదు. నాణేలకు విలువ కట్టేవాణ్ణి పెట్టలేదు. ఇంతకన్నా ఎక్కువిచ్చే దేవుడెవరైనా దొరుకుతాడేమోనని రెండు పత్రికల్లో ప్రకటనైనా వేయించలేదు. అదే తమరి హయాం అయితే రాములవారు ధరావత్తు కట్టి, సీల్డు కవరు వేసి, పై వాయిదాకు లక్ష్మణస్వామి చేత వకాలత్‌నామా పట్టించుకుని వచ్చేవారు. గోపన్నకు మరో పన్నెండేళ్లు కీర్తనలు కట్టుకునే తీరిక చిక్కేది. తెలుగు సాహిత్యానికి ఆ నష్టం నష్టమే.

తమరు చేపట్టిన ఒక మిల్లును కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది. పేరెందుకు లెండి, పేరు రాసిన బోర్డు కూడా పాత ఇనుములో కలిసిపోయింది. గేటుకు గొలుసు, గొలుసుకు తాళం, తాళానికి గుడ్డ, గుడ్డ మీద లక్క, లక్క మీద ముద్ర. ఆహా, ఎన్ని వానలు కురిసినా ఆ ముద్రలో ఒక్క అక్షరం చెరగలేదు! వెనక ప్రహరీ గోడ మాత్రం లేదు. కప్పు రేకుల్ని చీల్చుకుని రావిచెట్టు దర్జాగా ఎదిగింది. లేతు మెషీను మీద పిచ్చుక గూడు పెట్టింది. కాపలా మనిషి చెట్టు కింద కుర్చీలో, పిట్ట నిద్ర చెడకుండా తానూ కునుకు తీస్తున్నాడు. మోటార్లు ఉన్నాయి, వాటి కడుపులో రాగి తీగ లేదు. ఆ మాటకొస్తే, కంపెనీ ఆస్తి నలుగురికీ అందాలన్న తమరి ఆశయం, వేలం ప్రకటన అచ్చు కాకముందే, గురువారం గురువారం జుమ్మెరాత్ బజార్‌లో తూకాల మీద నెరవేరుతూనే ఉంది. ఆ పైన వచ్చే ప్రకటనలో తమరు రాయించే వాక్యమో, ఉపనిషత్తుకు తీసిపోదు: ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏమున్నదో అదే. లేనిదాన్ని గురించి ఇంత నిజాయితీగా చెప్పిన అమ్మకందారు ఇంకెవరున్నారు?

ధర విషయంలో తమరి నిష్ఠ మరీ లోకోత్తరం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన నవల్ఖా అండ్ సన్స్ కేసులో 1969లో సుప్రీంకోర్టు రెండు ముక్కలు చెప్పింది. ధర సరైనదేనని కోర్టుకు తృప్తి కలిగితేనే పాట ఖాయం. తృప్తి కలిగాక మాత్రం, వెనకెవరో వచ్చి ఎక్కువిస్తానన్నంత మాత్రాన ఖాయం చేయకపోవడానికి అది కారణం కాదు. తమరు మొదటి ముక్కను గుండెకు హత్తుకున్నారు. రెండో ముక్కను భద్రంగా బీరువాలో పెట్టారు. అందుకే ఖరారు రోజున ఎవరో ఒక మహానుభావుడు ఇంకాస్త ఎక్కువ రాసిన కాగితంతో ప్రత్యక్షమవుతాడు, పాట మళ్లీ మొదలవుతుంది, మొదటివాడు ధరావత్తు వెనక్కి తీసుకుని ఆ డబ్బుతో కూతురి పెళ్లి చేసుకుంటాడు, రెండోవాడు మూడోవాడి కోసం ఎదురు చూస్తాడు, ఈలోగా రావిచెట్టు ఇంకో రెండు మూరలు పెరుగుతుంది.

పాటకొచ్చే ఇనుప సేట్ల సంస్కారం వేరే చెప్పాలి. పాతబస్తీ మర్యాద ఇంకా బతికుందంటే వాళ్ల వల్లే. ఒకరి మీద ఒకరు పాడరు. ‘పహలే ఆప్’ అంటే ‘పహలే ఆప్’ అనుకుని, చివరికి అందరి తరఫునా ఒక్కరే పాడతారు. బయట చాయ్ తాగేటప్పుడు మాత్రం లెక్కలు బాగా కలుస్తాయి.

2016 నాటి కొత్త దివాలా చట్టం వచ్చాక తమరి వైభవంలో కొంత నాగోల్ అవతల బండ్లగూడలోని ట్రిబ్యునల్‌కు తరలింది. 1937లో మొదలై, 2015 డిసెంబర్‌లో పొయ్యి ఆరిన నిజాం షుగర్స్‌కు, అంటే బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మిల్లులకు, 2019 జూన్‌లో లిక్విడేషన్ ఉత్తర్వు దక్కింది అక్కడే. అక్కడ బేరం కూడా శాస్త్రోక్తం. పాట కుదరకపోతే కనీస ధరలో మొదట నాలుగోవంతు దాకా తగ్గించవచ్చు, ఆపైన పదేసి శాతం దాకా. లాడ్ బజార్‌లో గాజుల బేరమాడే అమ్మ అరనిమిషంలో తెంచే సంగతిని మెట్టు మెట్టుగా, బాజాభజంత్రీలతో, కొనేవాడు కింది మెట్టు మీద హాయిగా కూర్చుని ఉండగా దించడంలోని రాజసం ఆ అమ్మకేం తెలుసు?

ఇక పంపకం. 1985లో కంపెనీల చట్టంలో 529ఎ చేర్చి, కార్మికుడి బకాయినీ తాకట్టు పెట్టుకున్న బ్యాంకు బాకీనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. ఎంత ధర్మం! కాకపోతే వడ్డించేవాళ్లు ఆకలితో ఉండకూడదని ప్రకటనల ఖర్చు, విలువ కట్టినవారి ఫీజు, కాపలా ఏజెన్సీ బిల్లు ముందే వడ్డించుకుంటారు. పోయిన సామానుకు కాసిన కాపలాకు కూడా పైసా తగ్గకుండా చెల్లించే ఔదార్యం కర్ణుడికైనా ఉందా?

తమరి జ్ఞాపకశక్తికి చేతులెత్తి మొక్కాలి. ఆ మిల్లులో ఫిట్టరుగా చేసినాయనకు మొన్న చెక్కు వచ్చింది. ఇంటిపేరుతో సహా ఒక్క పొల్లు తప్పకుండా ఆయన పేరే రాశారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయినా తమరు మరవలేదు. ఆయన భార్య ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని బ్యాంకుకు వెళ్తే, వారసత్వ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అది ఇచ్చే సివిల్ కోర్టు పురానీ హవేలీలో ఉంది. దారి ఎటు అని మదీనా దగ్గర నన్నే అడిగింది. దగ్గరేనమ్మా, నడిచిపోవచ్చు అన్నాను.