సీసా వెనుక చీటీకి టీకా తాత్పర్యము

అవతారిక. ఫ్రాన్సు దేశమున, బోర్డో ప్రాంతములో, గరోన్, దోర్దోన్ నదులు కలిసి జిరోండ్ అను పేర సముద్రమునకు పోవుచుండగా, ఎడమ గట్టున మెదోక్ సీమలో, గులకరాళ్ల నేల మీద పోయాక్ అను ఊరు కలదు. ఆ ఊరి ఎఱ్ఱ వైను సీసాకు వెనుక అంటించిన చీటీయే ఇచట వ్యాఖ్యేయము. కర్త పేరు లేదు. అమ్మువాడే అయి యుండునని పెద్దలు.

మూలము. “గాఢారుణము. నల్లకాసిస్, దేవదారు, పెన్సిలు చెక్కుల పరిమళము. దృఢమైన టానిన్లు. దీర్ఘమగు ముగింపు. కాల్చిన గొఱ్ఱెపిల్ల మాంసముతో సేవింపదగును.”

టీక. గాఢారుణము = మిక్కిలి ఎఱ్ఱనిది. ఈ నల్లద్రాక్షల రసము నిజమునకు ఎఱ్ఱన కాదు, ఎఱుపు తొక్కలది. తొక్కలు రసములో నాని పులియునప్పుడు రంగును వగరును కూడి దిగును. వయసు మీఱినకొలది అంచు ఇటుకరంగుకు తిరుగును గనుక, ఎఱిగినవారు గ్లాసును తెల్లగుడ్డ మీదికి వంచి చూతురు. ఎఱుగనివారును వంతురు.

నల్లకాసిస్ ఇత్యాది = ఇచట చర్చ కలదు. సీసాలోనికి పోయినది ద్రాక్ష ఒక్కటే: కాబెర్నే సోవిన్యోన్ ప్రధానము, మెర్లో తోడు, కాబెర్నే ఫ్రాంక్, పెతి వెర్దో ఉన్న ఉండును, లేకున్న లేదు. కాసిస్ అను నల్లని చిఱుపండు వేయలేదు, పెన్సిలు అసలే వేయలేదు. చెక్క మాత్రము తగిలినది. అది 225 లీటర్ల ఓకు పీపా, దేవదారు కాదు. మఱి కవి బొంకెనా? బొంకలేదు, ఉత్ప్రేక్షించెను. అయితే వైనువారి పోలికలన్నియు ఉత్ప్రేక్షలే అనరాదు. సరిగా పండని కాబెర్నేలో పచ్చి కాప్సికము వాసన వచ్చును. ఆ వాసననిచ్చు పైరజీను కాప్సికములోనిదే. ఇది శుద్ధ స్వభావోక్తి. అందుచేతనే కాబోలు, అమ్మువాడు దానిని చీటీకెక్కించడు.

ఆక్షేపము. ఈ పరిమళములు ముక్కు చెప్పినవా, కన్ను చెప్పినవా? 2001లో వెలువడిన బోర్డో పరిశోధనలో, వైను విద్య చదువుచున్న 54 మందికి తెల్ల వైనులో వాసన లేని ఎఱ్ఱరంగు కలిపి ఇచ్చిరి. వారు తెల్ల వైనుకు వాడు మాటలు విడిచి ఎఱ్ఱ వైను మాటలు వల్లించిరి. సమాధానము: లేదు. వ్యాఖ్యాత తరువాతి పదమునకు పోవుచున్నాడు.

టానిన్లు = వగరు. ఇందులో అలంకారము ఇసుమంతయు లేదు. ఉమ్మిలోని ప్రోటీనులను టానిన్లు పట్టి ముద్దగట్టించును. నోట జారుడు పోయి నాలుక బుగ్గలకు ఒరయును. మనవారు కషాయమును షడ్రసములలో చేర్చిరి. నేటి శాస్త్రజ్ఞులలో పెక్కురు అది రుచి కాదు, స్పర్శ అందురు. నాలుక అంగిటికి అంటుకొన్నవానికి ఈ వివాదముతో పనిలేదు.

దీర్ఘమగు ముగింపు = మింగిన పిదపను రుచి నిలుచుట. సెకన్లు లెక్కించువారు కలరు. లెక్కింపనిండు.

గొఱ్ఱెపిల్ల = చీటీకంతకును ఇదియే ప్రాణము. డికాషనులో పాలు పోసిన వగరు చచ్చుట చూడమా? అక్కడ టానిన్లకు పాల ప్రోటీను చిక్కును, మన నాలుక బ్రదుకును. మాంసమును దాని కొవ్వును చేయునది ఆ పనియే. పోయాక్‌లో పాలు త్రాగు గొఱ్ఱెపిల్లలు ఊరి పేరుతోనే అమ్ముడుపోవును. బోర్డోవారు ఎండిన ద్రాక్షకొమ్మల నిప్పు మీద గొడ్డుమాంసపు అంత్రకోత్ కాల్చి, సన్న ఉల్లి, ఎముకమూలుగ, ఎఱ్ఱ వైను కూర్చి దానిపై పోయుదురు. ఇది కూడని వైను నోటికి కఱకు, వైను లేని ఇది కడుపునకు బరువు. చేపతో మాత్రము వలదు. నోట ఇనుపరుచి మిగులును.

తాత్పర్యము. వగరున్నది, కొవ్వు పెట్టుడు.

విశేషము. 1855లో పారిసు ప్రదర్శన కొఱకు మూడవ నెపోలియను కోరగా, బోర్డో దళారులు మెదోక్ వైనులను ఐదు తరగతులుగా పేర్చిరి. త్రాగి పేర్చిరనుకొనరాదు; పలికిన ధరలు చూచి పేర్చిరి. అటుపిమ్మట రెండవ తరగతినుండి మొదటికెక్కినది పోయాక్‌లోని ముతోన్ రోత్‌షిల్డ్ ఒక్కటే, 1973లో.

కారమును గూర్చి మూలము మౌనము వహించెను. మద్యము మిరపకాయ మంటను హెచ్చించును, వగరు దానికి తోడగును. కావున ఈ సీసా విప్పిన పూట కూరలో కారము తగ్గవలెను. వంటింటిలోనికి పోయి ఆ మాట అనగల ధైర్యము ఎవనికి కలదో, వాడే ఈ గ్రంథమునకు అధికారి.