చరవాణీ పరీక్షక శిఖామణి

పూర్వము మా కృష్ణాజిల్లాలో ఎవ్వడైనను సంతకు పోయి ఎద్దులజతను కొనదలచినచో, సొమ్ము మొలకు కట్టుకొని బయలుదేరుటకు ముందు, ఊరిలోని ఒకానొక పెద్దమనిషి వాకిట నిలిచి, బతిమాలి, ఆయనను వెంటబెట్టుకొని పోవుచుండెడివాడు. ఆ పెద్దమనిషి ఎద్దు నోరు తెరచి పండ్లు లెక్కించును. నుదుటి సుడి ఎటు తిరిగినదో, వీపు సుడి ఎచ్చట నున్నదో చూచును. మూపురముపై చేయి వైచి, కన్నులు మూసికొని, ఏదో ఆలోచించి, తుదకు పెదవి విరుచును. ఆయనకు ఎద్దులు లేవు. ఉన్న రెండెకరములు కౌలుకిచ్చి, జన్మమంతయు పరుల యెద్దుల పండ్లు లెక్కించుటలోనే గడపెను. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట ఈ జాతి నశించినదని నేను కొంతకాలము విచారించితిని. నా విచారము నిష్కారణమని విజయవాడలో ఇప్పటి మా వీధికి కాపురము వచ్చిన పదునైదు దినములలోనే తేలిపోయినది.

ఆయనను వీధిలో పిన్నలు పెద్దలు అందఱును బాబాయిగారనియే పిలుతురు. అసలు పేరు తపాలా బంట్రోతుకు మాత్రమే తెలియును. ఉద్యోగము ఆడిటు శాఖలో. ఇరువది తొమ్మిది సంవత్సరములుగా పరులు వ్రాసిన లెక్కలలో ఎఱ్ఱసిరా గీతలు గీయుటచేత కాబోలు, దేవుడు చేసినదైనను, దేశములో చేసినదైనను, చైనాలో చేసినదైనను, ఏ వస్తువు కంటబడినను అందు అభ్యంతరము పెట్టదగిన తావెచ్చట నున్నదా యని ఆయన చూపు తనంత తానే వెదకుకొనుచుండును. వీధిలో ఎవరు క్రొత్త ఫోను కొన్నను, పురిటిబిడ్డను ముందుగా ఇంటి పెద్ద ముత్తవ్వ యొడిలో పెట్టినట్లు, దానిని తెచ్చి బాబాయిగారి చేతిలో పెట్టవలెను. ఆయన కాళ్లు చేతులు కడుగుకొని వచ్చి, వసారాలోని పడకకుర్చీలో కూర్చుండి, ఒడిలో తెల్లని తువ్వాలు పరచుకొని, కళ్లజోడు తుడుచుకొను గుడ్డతో ఫోను నాలుగు మూలలును ఒత్తి, ప్రక్కనున్న ఎఱ్ఱ అట్ట రిజిష్టరులో తేదీ వేసి, "ఊఁ" అనును. ఆ "ఊఁ" వినినంతనే కొన్నవాని గుండెలో రాయి పడును.

మొదట చెవి. పాత అగరువత్తుల డబ్బాలోనుండి తీగ ఇయర్‌ఫోనులు తీసి, ఫోను అంచుల వెంట వ్రేలితో తడవి చూచును. వానిని గ్రుచ్చుటకు రంధ్రము లేకున్న యెడల ముఖము మ్లానమగును. 2016లో యాపిల్ వారు ఐఫోన్ 7 నుండి ఆ 3.5 మిల్లీమీటర్ల రంధ్రమును తొలగించిన కథను, ఇంటి పెద్దదిక్కు పోయిన కథవలె, తొలినుండి తుదివఱకు చెప్పక విడువడు. "పాత టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు స్విచ్‌బోర్డులో పొడిచేవాళ్లే, ఆ ప్లగ్గు మనవడయ్యా ఇది! టెలిఫోను కోసం పుట్టినదాన్ని టెలిఫోనులోంచే గెంటేశారు. కన్నకొడుకుని పెరటి గుమ్మంలో నిలబెట్టినట్టు లేదూ?" చారిత్రకముగా ఈ మాటలో అసత్యము లేదు; పందొమ్మిదవ శతాబ్దపు స్విచ్‌బోర్డులోని కాలంగుళపు ప్లగ్గు వంశమే యిది. కావున మనము తల యూపవలసినదే.

తీగలేని ఇయర్‌ఫోనులన్న ఆయనకు పరమాసహ్యము. ఎంపీ3 అను పద్ధతిలో, పెద్ద ధ్వని చాటున పడి చెవికి ఆనని చిన్న ధ్వనులను గణితముచేత పసిగట్టి తీసివేసి, పాటను ఇంచుమించు పదవవంతునకు కుదింతురు గదా. బ్లూటూత్ మీదుగా పంపునపుడు ఆ కుదించినదానిని విప్పి, మరల వేఱొక తీరున కుదింతురు. "ఒకసారి పిండిన చెరుకుని మళ్లీ గానుగలో పెట్టడం" అని ఆయన నిర్వచనము.

"తీసేసింది మనకి ఎటూ వినపడని శబ్దాలే కదండీ, బాబాయిగారూ?" అని నేనొకమారు సాహసించితిని.

ఆయన నావంక మిక్కిలి జాలితో చూచి, "వాళ్లు తీసేసిందే అసలు సంగీతం" అనెను.

మనుష్యుని చెవి సెకనుకు ఇరువదివేల కంపనములకు మించినదానిని వినజాలదనియు, సీడీలో సెకనుకు 44,100 మారులు ధ్వనిని కొలుచుట అందులకు చాలుననియు శాస్త్రము చెప్పుచుండగా, బాబాయిగారు 96,000కు తక్కువైనదానిని పాటగా అంగీకరింపరు. అంతకు చేరిన పాటలో "గాలి ఆడుతుంది" అందురు. ఈ గాలి ఆడుచున్న సమయముననే, ఆరడుగుల దూరమునుండి పిన్నిగారు "పాలు పొంగుతున్నాయి, కాస్త స్టవ్వు కట్టండి" అని ముమ్మారు కేకవేయగా, ఆయన చెవికది సోకకుండుటయు, పాలు పొంగి స్టవ్వే ఆరిపోవుటయు నేను కన్నులార చూచితిని.

ఆయన గీటురాయి ఘంటసాల. 'మాయాబజార్' పాటను పెట్టి, కుడిచెవిలో వయొలిన్లు దూరమున నున్నవనియు, ఎడమచెవిలో తబలా రెండడుగులు ముందునకు జరిగినదనియు ఆయన ఒకనాడు వ్యాఖ్యానించుచుండగా, ఇంజనీరింగు చదువుచున్న మేనల్లుడు ప్రక్కనుండి, "అది 1957 సినిమా మావయ్యా, మోనో రికార్డింగు, రెండు చెవుల్లోనూ వచ్చేది ఒకటే" అనెను. వసారాలో నిశ్శబ్దమావరించెను. మఱొకడైనచో ఆ దెబ్బకు ఇయర్‌ఫోనులు చుట్టబెట్టి లోపలికి పోయియుండును. బాబాయిగారు అర నిమిషము కన్నులు మూసికొని, "రెండు చెవుల్లోనూ ఒకటే అని ఇంత స్పష్టంగా తెలియనిచ్చే ఫోను ఇదివరకు రాలేదురా" అని రిజిష్టరులో ఏదో వ్రాసికొనెను. ఇంతకును పల్లవి ముగియుటకు ముందే పాట నాపివేయుట ఆయన యలవాటు. పరీక్షకు అంతకన్న నక్కరలేదట. ఆయన యెఱిగిన పాటలన్నింటికిని పల్లవులే కలవు, చరణములు లేవు.

పిమ్మట కన్ను. ఇక్కడ ఆయన పరీక్షించునది వెలుగును గాదు, చీకటిని. ఓలెడ్ తెరలో ప్రతిచుక్కయు స్వయముగా వెలుగునది గనుక నలుపు కావలసినచోట అది పూర్తిగ ఆరిపోవును. ఎల్‌సీడీ తెరవెనుక దీపము నిత్యము వెలుగుచుండును గనుక దాని నలుపు బూడిదనలుపు. ఈ భేదము పట్టుటకు బాబాయిగారు మే నెలలో, విజయవాడ యెండలో, గది తలుపులు కిటికీలు బిగించి, సందులలో గోనెలు క్రుక్కి, గాలికి తెరలు కదలునని పంకా సైతము ఆపి, పిన్నిగారిని నన్ను అందు కూర్చుండబెట్టి, 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లీ కెమెరా పట్టిన ఆ వెన్నెల నావవిహారమును తెరమీద పెట్టిరి. పిన్నిగారు చెమటలు క్రక్కుచు, "సావిత్రి ఎంత బాగుందో!" అని మురిసినది. "సావిత్రిని చూడకు, సావిత్రి వెనకాల చీకటిని చూడు" అని గద్దించి, ఆయన బొమ్మను నిలిపి, తండ్రిగారు పంచాంగము చదువుటకు వాడిన భూతద్దమును తెచ్చి, మిగిలిన ముప్పావుగంటయు ఆ చీకటిలోనే మునిగిపోయెను. ఇది గాక, 4కె స్పష్టత పరీక్షింపగోరి యూట్యూబులోని కోస్టారికా పక్షులను ఆయన చూచుచుండును; ఆరంగుళముల తెరపై 83 లక్షల చుక్కలు కలవో లేవో ముక్కుకు నాలుగంగుళముల దూరమున పెట్టి పరిశీలించును. ఆ దేశపు పక్షుల కంఠముక్రింది యీకలు ఆయనకు కరతలామలకము. తన పెరటి జామచెట్టుపై ప్రతిదినమును కాయలు కొఱికి పోవునది చిలుకయో ఉడుతయో అను విషయమున ఆయనకును పిన్నిగారికిని నేటికిని వివాదము తెగలేదు.

వీడియో నిలకడను పరీక్షించుట మఱియొక తంతు. ఫోనును ముందునకు చాచి, పంచె ఎగగట్టి, ఆయన వీధి ఆ చివరనుండి ఈ చివరకు పరుగెత్తును. మొదట ఇది చూచి పడమటి సందు కుక్కలు మూడు వెంటబడినవి. ఆయన రొప్పుచు అరుగుపై కూలబడి, పిక్కపై పంటిగాటును చూచుకొనుటకు బదులు తెరను నాకు చూపి, "కుక్క పట్టుకున్నప్పుడు కూడా ఫ్రేము కదల్లేదు, చూశావా!" అనినపుడు, నిజము చెప్పవలెనన్న, నాకాయనపై గౌరవము కలిగెను.

కెమెరా విషయమున ఆయన జ్ఞానము నిక్కమైనది. అది నేను కాదనను. నూటయెనిమిది మెగాపిక్సెళ్లని దుకాణదారుడు ఊదరగొట్టిన ఫోనును మా ప్రక్కింటి అబ్బాయి తెచ్చినపుడు, బాబాయిగారొక్క వాక్యములో దాని రహస్యము విప్పిరి: "జీతాల పట్టీలో నూట ఎనిమిది మంది, హాజరు పట్టీలో పన్నెండు సంతకాలు." సాధారణముగా తొమ్మిదేసి చుక్కలను ఒక్కటిగా మూటగట్టి 12 మెగాపిక్సెళ్ల బొమ్మనే ఆ కెమెరా మనచేతికిచ్చును, బొమ్మ బాగోగులు చుక్కల లెక్కకన్న వెలుగును పట్టు సెన్సారు వైశాల్యమునందును, కటకమునందును ఎక్కువగా నున్నవి. ఇంతటి మాటను ఇంత తేటగా చెప్పగలవాడు, ఆ కెమెరాతో తీయునదేమి? గోడ! ఎదురింటివారి సున్నము లేని ఇటుకగోడ. ఇటుకల వరుసలు అంచులయొద్ద వంగినవా, మూలల మసకబారినవా అనునది దానిచే తేలునట. గత తొమ్మిదేండ్లలో వీధిలోని ప్రతి ఫోనుతోను ఆయన ఆ గోడను తీసినాడు. ఉదయపుటెండలో గోడ, మబ్బులో గోడ, వానలో గోడ, గ్రహణమునాడు గోడ. కుడివైపు నాలుగవ వరుసలోని పగిలిన ఇటుకను ఆయన "మనవాడు" అని వ్యవహరించును.

ఒకనాటి రాత్రి నన్ను ప్రకాశం బ్యారేజీకి తీసికొని పోయినాడు. దీపములు కృష్ణలో పొడవుగా పరచుకొని యున్నవి. గాలి చల్లగా వీచుచున్నది. దుర్గమ్మ కొండపై వెలుగులు నీటివఱకు దిగివచ్చినట్లుండెను. రాత్రివేళ కెమెరా ఒక్క బొమ్మ గాక వరుసగా పలు బొమ్మలు తీసి వానిని ఒకదానిపై నొకటి పేర్చుననియు, అంతవఱకు చేయి వణకరాదనియు చెప్పి, బాబాయిగారు తాను ఊపిరి బిగబట్టుటయే గాక నన్నును బిగబట్టుమనిరి. తీసిన పిమ్మట బొమ్మను పెద్దది చేసి, ఉన్న 70 గేట్లను ఒక్కొక్కటిగా లెక్కించుచు పోయి, "నలభై మూడో గేటు దగ్గర నాయిస్ ఉంది" అనిరి. బొమ్మలో శబ్దమేమని నేను అమాయకముగా చెవి యొగ్గితిని. ఆనాటినుండి ఆయన నాతో సాంకేతిక విషయములు తగ్గించినారు.

మా మేనకోడలి పెండ్లిలో జరిగినదానికి ఆయనను నేను తప్పుపట్టను. ఫోను ఆయన చేతికిచ్చిన మా బావగారిదే తప్పు. జీలకఱ్ఱ బెల్లము పెట్టు ముహూర్తమున ఫొటోగ్రాఫరు కెమెరాలో బ్యాటరీ అయిపోగా, బావగారు తొందరలో తన ఫోనును బాబాయిగారి చేతిలో పెట్టెను. వచ్చినవి పదునాలుగు బొమ్మలు. అన్నింటను కుందిలోని దీపశిఖ, దాని ప్రక్క మల్లెమొగ్గల అంచులు, ఒక్కొక్క రేకపైని ఈనెలతో సహా, అపురూపముగా పడినవి.

"పెళ్లికూతురేదండీ?" అని వియ్యపురాలు అడిగినది.

"అదిగోనమ్మా, వెనకాల మసకలో. ఆ మసక చూడండి, వెన్నలా ఎంత మెత్తగా కరిగిందో! ఇరవై వేల ఫోనుకి ఇలాంటి మసక రాదు."

ఇన్ని ఫోనుల జాతకములు చూచిన ఈ మహానుభావుని సొంత ఫోను, మీటలు అరిగి, వెనుక మూతకు రబ్బరుబ్యాండు చుట్టిన పాత నోకియా. కొనలేక కాదు, తనకు తగినది ఇంకను రాలేదట. పెద్ద సెన్సారు వచ్చిన ఏట రంధ్రము పోయినది. రంధ్రమున్నదానికి తెర నలుపు చాలలేదు. తెర కుదిరినదానికి బరువెక్కువయినది. మంచి సంబంధము కొఱకు చూచి చూచి నలుబదియేండ్లు వచ్చిన కన్నెవలె ఆయన వేచియున్నాడు. నేను పదునెనిమిదివేలు పోసి కొన్న ఫోనును చూచి ఆయన తేల్చిన తీర్పు, అందఱికిని చెప్పినదే: "బాగానే ఉంది కానీ..." ఆ "కానీ" తరువాత ఆయన మాటాడలేదు. నాకు మూడు రాత్రులు నిద్ర లేదు.

మొన్న సంక్రాంతికి ముందు ఎదురింటివారు గోడకు సిమెంటు పూత పూయించి, పైని పిస్తా రంగు వేయించిరి. మేస్త్రీ తాపీ పట్టినపుడే బాబాయిగారు గుమ్మములో నిలిచి, "ఆ నాలుగో వరసైనా వదిలెయ్యవయ్యా" అని బతిమాలినారట. రెండు వారములు రిజిష్టరు తెరువలేదు, క్రొత్త ఫోనులు తెచ్చినవారిని "గోడ లేదు, ఏం చూసేది?" అని పంపివేసిరి.

పండుగ వెళ్లిన ఆదివారము మా యింటికి వచ్చి, కాఫీ త్రాగుచు, చేయి కడుగుకొనుటకు పెరటిలోనికి పోయినారు. ఎంతకును రాకున్న నేను వెళ్లి చూచితిని. డబ్బు చాలక మా నాన్నగారు పూత వేయించక విడిచిన వెనుక ప్రహరీ యెదుట నిలిచి, తలను ఇటునటు వంచి, వ్రేళ్లతో ఇటుకల సందులను తడవుచున్నారు.

"అబ్బాయ్, ఈ గోడ జోలికి పోకు. అమ్మాయి ఎంత పోరినా సరే, సున్నం వేయించకు" అనిరి. గొంతు కొంచెము గద్గదమయినది.

మఱునాటి ఉదయమున మా యావిడ బట్టలారవేయ బోగా, దండెము ఒక ప్రక్కకు జరిగియుండెను. గోడకు సరిగ ఏడడుగుల దూరమున, బాబాయిగారు నిలుచుండవలసిన చోట, నేలపై ముగ్గుపిండితో గీత యొకటి గీయబడియుండెను.