అంబాజీపేట బస్తాల బండి, మొంబాసా ప్రయాణం

నా వెనక సీటు మీద మనుషుల కంటే కొబ్బరికాయలే ఎక్కువ తిరిగాయి. నేను బజాజ్ బాక్సర్‌ని. 2002 మోడల్, వంద సీసీ. ఇంజను విద్య జపాను కవాసాకి వాళ్ల దగ్గర నేర్చుకున్నది. నెంబరు ప్లేటు మీద ఏపీ 05 అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరే జిల్లా అయిపోయింది గానీ, నా ప్లేటు మాత్రం ఇంకా తూర్పు గోదావరిలోనే కాపురం ఉంటోంది.

నన్ను కొన్నది నాన్నగారు, కువైట్ డబ్బుతో. కొన్న కొన్నాళ్లకే సెలవు అయిపోయి మళ్లీ విమానం ఎక్కేశారు. నన్ను తోలింది తాతగారు. తోటలో దింపు అయ్యాక కాయలు గోనె బస్తాల్లో కుక్కి, చెరోపక్కా ఒకటి, మధ్యన ఒకటి కట్టి అంబాజీపేట మార్కెట్టుకి బయల్దేరేవారు. అరటి గెలలైతే రావులపాలెం. తడిసిన బస్తా బరువు ఎంత పెరుగుతుంది, బురదలో వెనక చక్రం ఎటు జారుతుంది, కాలవగట్టు మీద ట్రాక్టరు ఎదురొస్తే ఎక్కడ ఒదిగి నిలబడాలి, నా చదువంతా ఇదే. ఈమధ్య అబ్బాయి ‘లోడ్ టెస్టు చెయ్యాలి’ అని ఫోనులో ఎవరితోనో అంటుంటే నవ్వొచ్చింది.

అబ్బాయంటే నాన్నగారి కొడుకు, తాతగారి మనవడు. హైదరాబాదు ఉద్యోగం కొన్నాళ్లు ఆపుకుని, చంకలో మ్యాపుతో దిగాడు. ముంబయి నుంచి నేను ఓడలో కెన్యాలోని మొంబాసా చేరాలి, తను విమానంలో రావాలి. అక్కణ్ణుంచి టాంజానియా, జాంబియా, బోట్స్వానా మీదుగా దక్షిణాఫ్రికా. ఆఫ్రికా కొస అంటే అందరూ కేప్ టౌన్ అనుకుంటారు. అసలు కొస ఇంకా కిందున్న అగుల్హాస్ అగ్రం. హిందూ మహాసముద్రం, అట్లాంటిక్ అక్కడ కలుస్తాయి. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టి పెరిగినవాడు సంగమం దాకా పోకుండా ఆగుతాడా!

స్నేహితులందరూ పెద్ద బండి కొనమన్నారు. బళ్లు బాగుచేసే మేస్త్రి కూడా అదే అన్నాడు.

“ఆయ్, ఏటండీ బాబూ ఇది! తాతగారి బండేసుకుని ఆఫ్రికా యెళ్తారా? దీనికి సామాను ఇక్కడే దొరకట్లేదండీ.”

“ఇక్కడ దొరకదు మేస్త్రీ. అక్కడ దొరుకుతుంది.”

ఆ జవాబులో విషయముంది. సీటీ 100 వచ్చాక మన షోరూముల్లోంచి నా పేరు పోయింది. ఆఫ్రికాలో మాత్రం పోలేదు. కెన్యా, ఉగాండా, నైజీరియా వీధుల్లో కిరాయికి మనుషుల్నీ బస్తాల్నీ మోసే మోటారు సైకిళ్లలో మా బాక్సర్ల జాతే కుప్పలుతెప్పలు. ఉగాండాలో అయితే అరటి గెలలు కూడా మావాళ్లే మోస్తారు. పెద్ద కంపెనీ బండిలో కంప్యూటరు చిప్పు చెడితే ఏ రాజధాని నుంచో మనిషి రావాలి. నాకు క్లచ్ కేబులు తెగితే ఊరి చివర షెడ్డు చాలు. అయితే అక్కడి కొత్త బాక్సర్ల సామాను ఈ పాతదానికి అంతా సరిపోతుందన్న నమ్మకం లేదని మేస్త్రి పట్టుబట్టాడు. కార్బొరేటరు కిట్టు, క్లచ్ ప్లేట్లు, సీడీఐ యూనిట్టు ఇక్కణ్ణుంచే తీసుకెళ్లాలన్నాడు. అది న్యాయమే.

ఇంజను విప్పారు. బోరు చేయించి కొత్త పిస్టన్ వేశారు. టాపెట్లు సర్దారు. రిమ్ముల బెండు తీయించి స్పోకులన్నీ మార్చారు. ఇదంతా ఏ పాత బండికైనా జరిగే వైద్యమే, చెప్పుకోవడానికేం లేదు. చెప్పుకోవాల్సింది చాసిస్ నంబరు గురించి.

మా కోనసీమ గాలిలో ఉప్పుంటుంది. ఇన్నేళ్ల ఉప్పుగాలికి మెడ దగ్గర చెక్కిన నంబరు తుప్పులో పూడిపోయింది. సరిహద్దులో కస్టమ్స్ మనిషి టార్చి వేసి చూసేది దాన్నే. కాగితం మీది అంకెలూ ఇనుము మీది అంకెలూ ఒక్కటి కావాలి, అక్షరం తేడా వచ్చినా బండి ఆగిపోతుంది. మేస్త్రి గరుకు కాగితం ముట్టుకోనివ్వలేదు. గట్టిగా గీకితే అంకెలే పోతాయని భయం. కిరసనాయిలు గుడ్డతో రోజుల తరబడి నానబెట్టి, తుప్పును పొరపొరగా తీసి, దాని మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాడు. నా నంబరు కాగితం మీద తేలింది. దాని మీద రంగు వెయ్యకుండా పల్చగా గ్రీజు పూసి వదిలేశారు. ఇంజను రిపేరు కంటే ఇదే ఎక్కువ కాలం పట్టింది.

ఇక కార్నె. సుంకం కట్టకుండా బండిని పరాయి దేశంలోకి తీసుకెళ్లి, మళ్లీ బయటికి తీసుకొస్తానని హామీ ఇచ్చే పుస్తకం ఇది. బండికి పాస్‌పోర్టు అనుకోండి. మన దేశంలో దీన్ని ఇచ్చేవాళ్లలో ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఒకటి. ఏడాది చెల్లుతుంది. ఒక్కో పేజీకి మూడు ముక్కలు: దేశంలోకి పోయేటప్పుడు ఒకటి చింపుకుంటారు, వచ్చేటప్పుడు ఒకటి, ముద్రలు పడ్డ మూడోది మన దగ్గరే ఉంటుంది. బయటికొచ్చిన ముద్ర పడలేదంటే బండిని అక్కడే అమ్మేసినట్టు లెక్క. సుంకం అసోసియేషన్ కట్టి, అబ్బాయి పెట్టిన హామీలోంచి రాబట్టుకుంటుంది. పాత ఇనుము వాడు కిలోల లెక్కన బేరమాడిన నన్ను దొంగచాటుగా అమ్మేస్తారేమోనని ఇన్ని దేశాలు భయపడుతున్నాయంటే, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే అనిపించింది. బోట్స్వానా, దక్షిణాఫ్రికా, నమీబియా, లెసోతో, ఎస్వాటినీ కలిసి ఒకే సుంకాల కూటమి. అందులోకి ఒకసారి అడుగుపెడితే మళ్లీ బయటికొచ్చేదాకా అదే ముద్ర చాలు.

అబ్బాయికి వేరే కాగితాలు. ఆర్టీవో దగ్గర ఏడాది చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఎల్లో ఫీవర్ టీకా. టీకా వేసిన పదో రోజు నుంచి దాని పసుపు కార్డు చెల్లుతుంది, 2016 నుంచి ఒకసారి వేయించుకుంటే జన్మంతా చాలు. ఇంకో పసుపు కార్డు నాది: తూర్పు, దక్షిణ ఆఫ్రికాలో చాలా దేశాల్లో చెల్లే కొమెసా థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. దాన్ని మొంబాసాలో దిగాకే కొనాలి. నా వెనక తెల్లటి అండాకారం మీద నల్లగా ఐఎన్‌డీ అని అతికించారు. ఏపీ 05 పక్కన అది కొత్తల్లుడి కళ్లజోడులా ఉంది.

దారంతా మనలాగే ఎడమ పక్కనే నడపాలి, అదో అదృష్టం. ఎత్తే కొత్త. నేనింతవరకూ ఎక్కిన పెద్ద ఎత్తులు గన్నవరం అక్విడెక్టూ, వంతెనల అప్రోచీలూ. టాంజానియాలో ఎంబెయా ఊరు సుమారు 1,700 మీటర్ల మీద ఉంది. అక్కడ గాలి పల్చన, లోపలికెళ్లే పెట్రోలు మాత్రం అంతే. ప్లగ్గు నల్లబడి బండి దగ్గుతుంది. అందుకని కార్బొరేటరుకి చిన్న మెయిన్ జెట్ ఒకటి పొట్లం కట్టి ఇచ్చాడు మేస్త్రి. ఎక్కేటప్పుడు వెయ్యాలి, దిగాక తీసెయ్యాలి.

సామాను కట్టి సఖినేటిపల్లి రేవులో పంటి ఎక్కించి నరసాపురం దాకా ఓసారి తిప్పారు. మొంబాసా నుంచి టాంజానియా వైపు పోయేవాళ్లకు లికోని దగ్గర ఫెర్రీ ఉంది. పలక మీద సంచులతో ఎక్కడం ఇక్కడే అలవాటైతే మంచిదని. జాంబేజీ నది మీద కజుంగులా దగ్గర కూడా ఒకప్పుడు పంటే ఉండేది. 2021లో 923 మీటర్ల వంతెన వచ్చింది. జింబాబ్వే హద్దు తగలకుండా దాన్ని వంకరగా కట్టారట. మా ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన వచ్చి యానాం పంటిని మాన్పించిన సంగతి గుర్తొచ్చింది.

సంచుల దగ్గర ఇంట్లో పేచీ. మామ్మ ఆవకాయా, ఆత్రేయపురం పూతరేకులూ ప్లాస్టిక్ కవర్లలో కట్టి తెచ్చింది. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. ఆవకాయ స్టీలు డబ్బాలోకి మారింది. పూతరేకులు నా కుదుపులకు పొడైపోతాయని అబ్బాయి ఆ రాత్రే తినేశాడు. కోడి పచ్చడి బోట్స్వానాలో పశువుల జబ్బుల చెక్‌పోస్టు దగ్గర లాక్కుంటారేమోనని దాన్ని తీసి పక్కన పెట్టారు. నా మీద కప్పే నీలం టార్పాలిన్ కూడా పోయింది. అక్కడి సెట్సీ ఈగలు నీలం రంగుకి మూగుతాయి, వాటిని పట్టే వలల గుడ్డ కూడా నీలమే. ఇప్పుడు ఖాకీ పట్టా. తీసేసినవే ఎక్కువ, పెట్టినవి తక్కువ.

పెట్టె చివరి పని. ఓడ కిరాయి ఘనపు మీటర్ల లెక్క కాబట్టి ముందు చక్రం, హ్యాండిలు విప్పాలి. అగ్గి భయానికి పెట్రోలు తోడేయాలి, బ్యాటరీ వైర్లు పీకాలి. వడ్రంగి మామిడి చెక్క అన్నాడు. పచ్చి చెక్క పెట్టె పనికిరాదు. పురుగు పోయేలా వేడి చేసి ముద్ర కొట్టిన చెక్కన్నా ఉండాలి, ప్లైవుడ్డన్నా ఉండాలి. ప్లైవుడ్డే ఖాయమైంది.

1938లో బెంగాలీ యాత్రికుడు రామ్‌నాథ్ బిశ్వాస్ సైకిలు తీసుకుని ఇలాగే ఓడలో మొంబాసా వెళ్లాడని అబ్బాయి చెబితే, “ఆయన సైకిలుకి ట్యాపెట్లు లేవు కదండీ” అని మేస్త్రి తేల్చేశాడు.

పెట్టె మూత బిగించే ముందు మేస్త్రి నా సీటు ఎత్తమన్నాడు. క్లచ్ కేబులు దారి మార్చాడు, ఫ్యూజు చోటు మార్చాడు. అక్కడి మేస్త్రికి తెలియాలిగా. అక్కడివాళ్లకి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు రాదు. తెల్ల పెయింటూ సన్న బ్రష్షూ తెచ్చి సీటు కింది రేకు మీద బొమ్మలు గీయడం మొదలెట్టాడు. కేబులు బొమ్మ బాగానే కుదిరింది. ఫ్యూజు బొమ్మ చూసి అబ్బాయి, “ఇది రొయ్యలా ఉంది మేస్త్రీ” అన్నాడు.

“తుడిచేసి మళ్లీ గీస్తానుండండి బాబూ” అని కిరసనాయిలు గుడ్డ అందుకున్నాడు మేస్త్రి.