లేపడమొక్కటే తెలుసు నాకు

మొన్న వైశాఖంలో మా అక్కయ్య కూతురి పెళ్లి. కన్యాదాత మా బావగారు. ముందురోజు రాత్రి నుంచి ఉపవాసం. పైన రేకుల పందిరి, పక్కన హోమం పొగ. కాళ్లు కడిగి కన్యాదానం చేసి లేచారో లేదో, మొహం తెల్లగా పాలిపోయింది. మొదలు నరికిన చెట్టులా కూలిపోయారు.

ఇక చూడాలి నా పెద్దరికం! చంకల కింద చేతులేసి ఎత్తి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. కళ్లు తెరిచినట్టే తెరిచి మళ్లీ తేలేశారు. మళ్లీ లేపి కూర్చోబెట్టి నోట్లో సోడా పోశాను, పొలమారింది. వంటవాళ్ల దగ్గర ఉల్లిపాయ తెప్పించి వాసన చూపించాను. అదీ చాలదని నా తాళాలగుత్తి ఆయన గుప్పిట్లో కుక్కాను. తాళాలు ఫిట్స్‌కే పనిచెయ్యవు, పైగా ఇది ఫిట్సే కాదు. రెంటినీ మూర్ఛనే అంటాం కదా, నాకు రెండూ ఒకటే.

"బాబాయ్‌గారూ, ముందు ఆయన్ని కింద పడుకోబెట్టండి. మీరు లేపబట్టే ఆయనకి తెలివి రావట్లేదు" అంది మగపెళ్లివారి తరఫున వచ్చిన ఓ నర్సమ్మాయి. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి ఆడుతోందని చూసి, పంచె ముడి వదులు చేసి, కాళ్లు అడుగెత్తున ఉండేలా తలగడలు పెట్టింది. అరనిమిషంలో బావగారు కళ్లు విప్పి, "ముహూర్తం దాటిపోయిందా?" అన్నారు.

తర్వాత ఆ పిల్లే చెప్పింది. ఆకలి, ఉక్క, ఎక్కువసేపు నిలబడటం, భయం, నెత్తురు చూడటం... వీటిలో ఏదో ఒకటి చాలట. గుండె వేగం తగ్గి, రక్తనాళాలు వదులై, నెత్తురు కాళ్లలోకి దిగిపోతుంది. మెదడుకు చాలదు. మనిషి పడితే తలా గుండే ఒకే ఎత్తుకు వచ్చి మళ్లీ అందుతుంది. అంటే పడటమే ఒంటికి వైద్యం. దాన్ని నేను రెండుసార్లు చెడగొట్టాను.

బుద్ధి వచ్చిందా? నెలన్నర తర్వాత రక్తపరీక్షకు వెళ్లాను. సూది చూడగానే చల్లటి చెమట, చెవుల్లో హోరు, కళ్లముందు చీకట్లు. పడుకోవాలని తెలుసు. పదిమంది చూస్తున్నారని, "నాకేం, బానే ఉన్నా" అంటూ లేచి నిలబడ్డాను. కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయి.

అందుకే చెబుతున్నాను. ఎవరైనా పడిపోతే లేపకండి. పడుకోబెట్టి కాళ్లెత్తి పెట్టండి. తెలివొచ్చేదాకా నోట్లో చుక్క నీళ్లు పొయ్యకండి. నిమిషంలో తేరుకోకపోయినా, గుండెనొప్పి అన్నా, తలకు దెబ్బ తగిలినా 108కి ఫోన్ చెయ్యండి. మీకే కళ్లు తిరిగితే, ఎవరు చూస్తున్నా సరే, ఉన్నచోటే పడుకోండి.