పచ్చమట్ట మీద కత్తి పడేది కాదు

మా రోజుల్లో పొట్టి ఈతను పెంచేవాళ్ళం. ఇప్పుడు కొంటున్నారు, నరుకుతున్నారు, పారేస్తున్నారు.

కడియపులంకలో నేను నర్సరీ పనిలో చేరినప్పుడు ఈ మొక్కను ఫీనిక్స్ అనేవాళ్ళం. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ఆడచెట్టు గెలకు నల్లగా పండిన చిన్న పళ్ళు కోసి, గుజ్జు కడిగి, గింజలు ఇసుకలో వేసేవాళ్ళం. మొలకకు నెలలు పట్టేది. వచ్చేది కూడా ఒంటి ఆకు, అచ్చం గడ్డిపరకే. కలుపు తీసేవాళ్ళు పీకెయ్యకుండా కాపలా కాసేవాళ్ళం. మనిషి ఎత్తు రావాలంటే పదేళ్ళు దాటేది. ఆ పదేళ్ళూ చేత్తో పెంచినవాడికి దానిమీద కత్తి ఎత్తబుద్ధి అవుతుందా?

ఇప్పుడు హైదరాబాదులో మా అబ్బాయి వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో చూస్తున్నాను. నెలనెలా ఎవరో వచ్చి పచ్చమట్టలన్నీ నరికి, నడినెత్తిన నాలుగు మట్టలు పిలకలా వదిలిపోతాడు. శుభ్రంగా ఉంటుందట! పాతమట్ట చివర పసుపెక్కిందంటే చెట్టుకు పొటాష్ చాలడం లేదని అర్థం. ఆ మట్టలో మిగిలిన పొటాష్‌నే లాక్కుని చెట్టు కొత్త ఆకుకు పెట్టుకుంటుంది. దాన్ని కోసేస్తే కంచంలో కూడు లాగేసినట్టే. మేం పూర్తిగా ఎండిన మట్టనే కోసేవాళ్ళం, అదీ మట్ట మొదలు దగ్గర రెండంగుళాల ముళ్ళుంటాయి కాబట్టి చేతికి గోనెపట్టా చుట్టుకుని. పసుపు కనబడితే గుప్పెడు కట్టెల బూడిద, మాగిన పశువుల ఎరువు వేసేవాళ్ళం.

నీళ్ళ సంగతీ అంతే. ఈ మొక్క సొంతూరు మెకాంగ్ నది గట్లు. పారే నీరంటే దానికి ప్రాణం, నిలవ నీరంటే గండం. ఇప్పుడు కుండీ కింద ప్లేటు పెట్టి, అందులో నీళ్ళు నిలవబెట్టి, వేరు కుళ్ళాక చీడ పట్టిందంటారు. మేం కుండీ అడుగున పెంకులు పరిచి, ఎర్రమట్టిలో ఇసుక కలిపి, పైమట్టి ఆరిందో లేదో వేలితో చూసి పోసేవాళ్ళం.

మళ్ళీ కత్తి సంగతికొస్తే, మందారాన్ని నరికితే పక్కనుంచి చిగురిస్తుంది. ఈతకు మొవ్వు ఒక్కటే. అది పోతే ఆ కాండం పోయినట్టే.

మొన్న వేసవిలో గేటు దగ్గరి చెట్టు ఎండిపోయింది. సాయంత్రానికి పీకేసి, మర్నాడే లారీలో ఇంకొకటి దింపారు. పీకిన చెట్టు కాండం మీద మట్ట మొదళ్ళు తడిమి చూశాను. పదిహేనేళ్ళ పైబడ్డ చెట్టు. ఏ కడియపులంక చేతులో దాన్ని గడ్డిపరకగా ఉన్నప్పుడు కాపాడి ఉంటాయి. కొత్తదాని మీదికి కత్తి పట్టుకుని వచ్చినవాడికి ఈసారి నేనే అడ్డం నిలబడ్డాను.