బాపు బొమ్మకి అనుమానం జబ్బట!

తెనాలిలో విగ్రహాలు చేసే శిల్పులందరూ ఓసారి మనసు డాక్టరుకి చూపించుకుంటే మంచిది. పోయిన నాయకుడికి బతికుండగా లేని భుజాలు పెడుతున్నారు మరి! మనిషి బొమ్మ గీయించి మనసు చదివే విద్య ప్రకారం, వెడల్పాటి భుజాలు గీసినవాడికి తన మగతనం మీదే బెంగ. కళ్లు పెద్దవి గీస్తే లోకమంతా అనుమానం. ఈ లెక్కన చారెడేసి కళ్ల బొమ్మలు గీసిన బాపు గారు ఎంత అనుమానంతో బతికారో, పాపం.

నవ్వకండి. దీన్ని ప్రక్షేపక పరీక్ష అంటారు. బొమ్మ గీయించో, తీరూ తెన్నూ లేని బొమ్మ చూపించో, మనం ఏం గీస్తే, మనకి ఏం కనిపిస్తే అదే మన లోపలి గుట్టు అంటారు. సోది చెప్పే ఆవిడ చాటలో బియ్యానికే సరిపెట్టుకునేది. వీళ్లు బిల్లిస్తారు.

1967లో అమెరికాలో చాప్‌మన్ దంపతులు ఓ తమాషా చేశారు. బొమ్మలకీ రోగలక్షణాలకీ ఏ సంబంధమూ లేకుండా జతకట్టి, ఈ విద్యలో ఓనమాలు రాని కాలేజీ పిల్లల ముందు పెట్టారు. పిల్లలు ‘పెద్ద కళ్లవాళ్లకి అనుమానం’ అని ఠక్కున తేల్చేశారు. తలపండిన నిపుణులు చెబుతున్నదీ అదే! లేని సంబంధం ఇద్దరికీ ఒకేలా కనిపించింది.

సిరా మరకల కథా ఇంతే. రోర్షాక్ అనే స్విస్ వైద్యుడు 1921లో పది మరకలు అచ్చువేయించి, మరుసటేడు 37 ఏళ్లకే పోయాడు. ఆ తర్వాత వాటికి తలో పండితుడూ తలో భాష్యం చెప్పాడు. తీవ్రమైన మతిభ్రమని పట్టడంలో ఈ మరకలు కొంత పనికొస్తాయని విమర్శకులే ఒప్పుకున్నారు, కాదనను. గుణగణాలు చదవడం దగ్గరే నా పేచీ.

బాపట్ల దగ్గర సూర్యలంకలో వైమానిక దళం గేటు చూసినప్పట్నుంచీ మా రేపల్లె మేనల్లుడికి ఆఫీసరు కావాలని. ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్ఎస్‌బీలోనూ ఇలాంటిదే ఓ కథల పరీక్ష ఉంటుంది. బొమ్మని అర నిమిషం చూడాలి, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. పన్నెండోది ఖాళీ తెర. కనీసం అక్కడైనా సొంత మనసు బయటపడాలిగా! మావాడు ఆ ఖాళీకీ ఓ కథ బట్టీపట్టాడు. ఊళ్లో వరద, కుర్రాడు పడవేసుకుని జనాన్ని గట్టెక్కిస్తాడు, కలెక్టరు భుజం తడతాడు. కోచింగ్‌లో వాడి పక్కన కూర్చున్న ముగ్గురి అంతరంగంలోనూ ఇదే వరద. కృష్ణకి కూడా ఇన్నిసార్లు రాలేదు.

మొన్నటి వానలకి అక్కయ్యగారి గోడమీద పెద్ద మరక పడింది. వీడు సాధన కోసమని దానిముందు బాసింపట్టు వేసుకుని, “అమ్మా, నీకిందులో ఏం కనిపిస్తోంది?” అన్నాడు.

అక్కయ్య కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ చూసింది. “చెమ్మ. డాబా కారుతోంది, మేస్త్రీకి ఫోన్ చెయ్యరా.”

మేస్త్రీ వచ్చి చూశాడు. డాబాయే కారుతోంది.