మందారం పూయకుండా చూసుకోవడం ఎలా?

మందారాన్ని పూయించే చిట్కాలు చెప్పేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. పూయకుండా ఆపే పద్ధతి మాత్రం ఎవరూ చెప్పరు. నిజానికి కష్టం అందులోనే ఉంది. పెన్సిలు లావు కొమ్మ ఒకటి కోసి, కింది ఆకులు దూసేసి, తొలకరిలో తడిమట్టిలో గుచ్చితే చాలు, చాలాసార్లు అదే వేరు పోసుకుంటుంది. పెరటి గోడ పక్కన, నూతి గట్టు దగ్గర, ఎవరూ పలకరించకపోయినా ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది. అంత మొండిఘటాన్ని దారికి తేవాలంటే అపార్టుమెంటు బాల్కనీ కావాలి, చేతినిండా తీరిక కావాలి, అన్నిటికీ మించి అతిప్రేమ కావాలి. ఈ మూడూ మన నగరాల్లో పుష్కలం కనుక మొదలుపెడదాం.

నర్సరీకి వెళ్ళినప్పుడు ఎర్ర రెక్క మందారం వైపు కన్నెత్తి చూడకండి. మలేసియావాళ్ళు 1960లో ఏరికోరి జాతీయ పుష్పం చేసుకున్నది దాన్నే కావచ్చు. మనకి మాత్రం అది అమ్మమ్మగారి ఊళ్ళో ఊరికే దొరికేది, డబ్బుపెట్టి కొంటే నామోషీ. కడియం నుంచి లారీలో దిగిన హైబ్రిడ్ రకాల్లో, పసుపు అంచూ ఊదా నడుమూ ఉన్న పళ్ళెమంత పువ్వు ఏది ఎక్కువ ఖరీదో అది తీసుకోండి. ఇలాంటివాటిలో అంటు మొక్కలు చాలా ఉంటాయి. అంటు కట్టినచోట కాండం మీద చిన్న బుడిపె కనబడుతుంది. ఆ బుడిపె కింద నుంచి చిగురొస్తే, తెలిసినవాళ్ళెవరో "అది నాటు వేరుది, గిల్లెయ్యండి" అంటారు. వినకండి. చిగురు చిగురే కదా, మన ఇంట్లో పుట్టింది. కొన్నాళ్ళకి పైన ఉన్న ఖరీదైన కొమ్మ నీరసించి, కింది నాటు కొమ్మ ఏపుగా లేచి మామూలు పువ్వు పూస్తుంది. పూసింది కదా అంటారా? మీరు డబ్బుపెట్టిన పువ్వు కాదుగా. "నర్సరీవాడు మోసం చేశాడు" అని నలుగురికీ చెప్పుకునే హక్కు ఆ రోజు నుంచి మీదే.

కుండీ విషయంలో కర్టెన్ల రంగుకి కలిసే పింగాణీది చూడండి. అడుగున చిల్లు ఉండకూడదు. ఉంటే టైల్స్ మీద మరకలు పడతాయి. నల్ల కవరులోంచి తీసినప్పుడు వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిగా పట్టుకుని ఉంటే, దాన్ని విదల్చకుండా అలాగే దింపేయండి. చుట్టూ మీరు వేసిన కొబ్బరిపొట్టు ఒకలా, లోపలి ముద్ద ఇంకోలా నీళ్ళు పీలుస్తాయి. పైన చెయ్యి పెడితే తడి, లోపల వేరు దగ్గర పొడి. మీరు ఏ రోజుకా రోజు తడి చూసుకుని తృప్తిపడవచ్చు.

ఎండ గురించి ఒక్కమాటే. మందారానికి రోజుకి ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. కాబట్టి ఉత్తరం వైపు బాల్కనీలో, బట్టలు ఆరేసే తీగ కింద పెట్టండి. ఆకులు నిగనిగలాడతాయి, కొమ్మలు సన్నగా పొడుగ్గా సాగుతాయి, మొగ్గ అన్నది ఉండదు. ఈ ఒక్క సలహా పాటించేవాళ్ళు మిగతా వ్యాసం చదవక్కర్లేదు.

చదువుతున్నారంటే మీ బాల్కనీకి ఎండ ఉందన్నమాట. అయితే నీళ్ళ మీద ఆధారపడాలి. పొద్దున ఆఫీసుకి వెళ్తూ మీరు ఒక చెంబు, మధ్యాహ్నం "ఎండకి పాపం" అని అత్తగారు ఒక చెంబు, సాయంత్రం గిన్నెలు కడిగాక పనమ్మాయి ఒక చెంబు. ఎవరు పోశారో ఎవరూ ఎవరికీ చెప్పకండి. వారం పదిరోజులకి ఆకులు వేలాడతాయి. ఈ మొక్కలో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, నీళ్ళు చాలకపోయినా ఆకులు వేలాడతాయి, నీళ్ళెక్కువై వేరు కుళ్ళుతున్నా ఆకులు వేలాడతాయి. మట్టిలో రెండంగుళాలు వేలు దింపి చూస్తే తేడా తెలిసిపోతుంది కాబట్టి వేలు దింపకండి. ఇంకో చెంబు పోయండి.

ఇక ఎరువులు. యూరియా గుప్పెడు వేస్తే ఆకు ముదురుపచ్చగా, అరచెయ్యంత పెరుగుతుంది. మొక్క పువ్వు సంగతి మర్చిపోతుంది. అందరూ ఆకు చూసి మెచ్చుకుంటారు, మీకు కావలసిందీ అదే. డీఏపీ గుళికలు కూడా వెయ్యండి. మందారానికి భాస్వరం పెద్దగా పనిలేదు, పొటాష్ ఇష్టం. ఎక్కువైన భాస్వరం మొక్కకి ఇనుము అందకుండా అడ్డుపడుతుంది. దానికి తోడు మన బోరునీళ్ళ సున్నం. లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. పల్లెలో రైతునడిగితే "ఇనుము చాలట్లేదు, అన్నభేది చిటికెడు కలిపి కొట్టు" అంటాడు. మనం రైతునడగం కాబట్టి మళ్ళీ యూరియా వేద్దాం.

ఇంట్లో వ్యర్థాలన్నిటికీ కుండీయే గమ్యం కావాలి. చక్కెర వేసిన టీ పొడిని కడగకుండా, వడగట్టింది వడగట్టినట్టే కుమ్మరించండి. అన్నిటికంటే శ్రేష్ఠమైనది సోమవారం అభిషేకం చేసిన పంచామృతం. సింకులో పోస్తే అపచారం, తాగేవాళ్ళు లేరు, మందారం మొదట్లో పోస్తే పుణ్యానికి పుణ్యం. పాలు, పెరుగు, తేనె, నెయ్యి, చక్కెర. చీమలకి ఇంతకంటే ఆహ్వానం అక్కర్లేదు. మరుసటి పొద్దునకి కాండం మీద బారులు కడతాయి.

ఈ చీమల్ని చులకనగా చూడకండి. మన పథకానికి అసలు బలం అవే. మందారం బెండ, పత్తి, గోంగూరల బంధువర్గంలోది. ఆ కుటుంబమంటే ప్రాణమిచ్చే పురుగు పిండినల్లి. కొమ్మ చివర, ఆకు కాడ కాండానికి అతికే సందులో, దూది చిదప ఇరుక్కున్నట్టు తెల్లగా ఉంటుంది. వేలితో నలిపితే తడి తగులుతుంది. అది రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తుంది. చీమలు ఆ జిగురు తాగుతాయి. బదులుగా నల్లిని తినడానికి వచ్చే పురుగుల్ని తరిమికొడతాయి, కొన్ని నల్లి పిల్లల్ని మోసుకెళ్ళి కొత్త కొమ్మ మీద దింపుతాయి కూడా. జిగురు పడ్డ ఆకుల మీద మసిలాంటి నల్ల బూజు పడుతుంది. చిగుళ్ళు ముడుచుకుని గిడసబారతాయి. 1994లో కరీబియన్ దీవి గ్రెనడాలో గులాబీరంగు పిండినల్లి అడుగుపెట్టి అక్కడి మందార కంచెల్ని చీడతో ముంచేసింది. మన దగ్గర 2000ల మధ్య నుంచి పత్తి రైతుల్ని ఏడిపించిన పిండినల్లి వేరే జాతి. దానికి వయ్యారిభామ, తుత్తుర బెండలతోపాటు మందారం కూడా విడిది. కాబట్టి మీరు ఒంటరివారు కారు.

పిండినల్లి కనబడగానే కంగారుపడి గట్టి నీటిధారతో కడిగేయడం, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టడం, వారం తర్వాత మళ్ళీ కొట్టడం, చీమల్ని ఆపడం లాంటి పొరపాట్లు చెయ్యకండి. అంతగా మనసాగకపోతే వేపనూనె సీసాలో సగం ఒంపి, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆకు పైభాగాన మాత్రమే కొట్టండి. నల్లి అడుగున క్షేమంగా ఉంటుంది, ఆకు మాడుతుంది.

ఇంకో ముఖ్యమైన పని ఉంది. పిండినల్లి గుంపు మధ్యలో ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో, నల్లికంటే పెద్దదిగా, చురుగ్గా నడిచే పురుగు ఒకటి కనిపించవచ్చు. చూడటానికి నల్లుల పెద్దలా ఉంటుంది. అది అక్షింతల పురుగు పిల్ల. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆ జాతిని పందొమ్మిదో శతాబ్దం చివర్లో మన దేశానికి తెచ్చారు. పిండినల్లిని తినడమే దాని వృత్తి. గ్రెనడాలో కూడా దాన్ని రంగంలోకి దింపారు. ద్రాక్షతోటల రైతులు డబ్బిచ్చి తెచ్చుకునే ఆ పురుగు మీ బాల్కనీకి పిలవకుండా వచ్చిందంటే, చెప్పుతో నలిపెయ్యండి. తెల్లగా ఉన్నదల్లా శత్రువే.

కత్తెర మాటకొస్తే, ఇంట్లో పెద్దవాళ్ళ సెంటిమెంటు మనకి కొండంత అండ. "పూసే చెట్టుకి కత్తి తగిలిస్తారా?" అన్న ఒక్క ప్రశ్నతో చాలా మందారాలు వెదురుబొంగుల్లా నిట్టనిలువుగా ఎదిగి, పై అంతస్తువాళ్ళకి కొసన ఒక్క పువ్వు చూపిస్తూ బతుకుతున్నాయి. మందారం కొత్త చిగురు మీదే మొగ్గ తొడుగుతుంది. ముదురు కొమ్మల్ని మూడోవంతు వరకు, బయటివైపు చూసే కణుపుకి కాస్త పైన ఏటవాలుగా కత్తిరిస్తే, ఒక్కో కొమ్మకి రెండుమూడు చిగుళ్ళు లేస్తాయి, పువ్వులూ అదే లెక్కన. ఫిబ్రవరిలోనో వానలు మొదలయ్యాకనో చేసే పని అది. మీరు చెయ్యకండి. చెయ్యాలనే ఉంటే మే నెలలో, నలభైరెండు డిగ్రీల ఎండలో మోడు చేసి వదిలెయ్యండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని మొక్కలు మొగ్గ తొడుగుతాయి. అధైర్యపడవద్దు. మొగ్గ ఉన్నప్పుడు చోటు మార్చడం, ఒకరోజు ముంచి రెండ్రోజులు ఎండగట్టడం, మొగ్గలో దూరిన తామర పురుగుల్ని చూసీ చూడనట్టు పోవడం. వీటిలో ఏ ఒక్కటైనా మొగ్గని విచ్చకముందే రాలుస్తుంది. ఆకులు మిగిలితే తలకి పనికొస్తాయి. ఆదివారం ఇంటిల్లిపాది నూరి పట్టించుకుంటే మొక్కకి కిరణజన్య సంయోగక్రియ బెడద కూడా తప్పుతుంది. స్కూలుకెళ్ళే పిల్లలుంటే మరీ మంచిది. రక్షక పత్రావళి నుంచి అండకోశం దాకా బ్లేడుతో కోసి నోట్‌బుక్కులో అతికించమని సైన్సు టీచరుగారు చెప్పేది ఈ పువ్వునే.

అయినా పూసిందా? పొద్దున అయిదున్నరకే లేవండి. చేతిలో ప్లాస్టిక్ కవరు, రెండో చేతిలో కొక్కెం కట్టిన కర్రతో వాకింగుకి వచ్చిన పెద్దాయన కాంపౌండు గోడ దగ్గర దొరుకుతారు.

"ఏం అంకుల్, మళ్ళీ మా మందారమేనా?"

"దేవుడికమ్మా. నాలుగే కోశాను."

"మొక్కకి ఉన్నవే నాలుగు కదండీ!"

"అందుకేగా నాలుగు కోశాను."

ఆయనతో గొడవ పెట్టుకునేముందు ఒక సంగతి ఆలోచించండి. మన నాటు మందారం పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది. హైబ్రిడ్ అయితే మహా అంటే రెండుమూడు రోజులు. మన ఇళ్ళలో అది కాయ కాసేది కూడా అరుదు. ఆయన కోసినందువల్ల మొక్కకి పోయిందేమీ లేదు, వినాయకుడికి ఎర్రపువ్వు దక్కింది. పోయింది కొక్కెంతో లాగినప్పుడు విరిగిన కొమ్మ చివర్లే. అంటే మీరు చెయ్యనని మొండికేసిన కత్తిరింపు ఆయన ఉచితంగా చేసిపెట్టారు. విరిగినచోట గుబురుగా చిగుర్లేసి, రెండుమూడు నెలల్లో మొక్క నిండా మొగ్గలొస్తే ఈ వ్యాసం మీకు పనికిరాలేదని అర్థం. కోపం నా మీద చూపించండి, ఆయన్ని మాత్రం ఏమీ అనకండి.